చిలకలపూడి గొలుసు, మూడు దేశాల చట్టం

బందరును ఆనుకుని ఉన్న చిలకలపూడిలో తయారైన రోల్డ్ గోల్డ్ గొలుసు ఒకటి తీసుకుందాం. లోపల రాగో ఇత్తడో, పైన బంగారు పూత. దాన్ని బందరులో అమ్మినా, బర్మింగ్‌హామ్‌లో అమ్మినా, న్యూజెర్సీలో అమ్మినా వస్తువు ఒక్కటే. అమ్మేవాడు కొనేవాళ్లకు ఏం చెప్పి తీరాలి, ఏం చెప్పకూడదు అంటే మాత్రం మూడు చోట్లా మూడు జవాబులు వస్తాయి.

మన దేశంలో 2021 జూన్ 23 నుంచి బంగారు నగలకు హాల్‌మార్క్‌ను దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ అనే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్క్ నగ అమ్మడానికి వీల్లేదు. రెండు గ్రాముల లోపు వస్తువులకూ ఇంకొన్ని రకాలకూ మినహాయింపు ఉంది. అయితే ఇదంతా అసలు బంగారం సంగతి. పూత నగ ఈ లెక్కలోకే రాదు. పూత గురించి అబద్ధం చెప్పి అమ్మితే, కొన్నవాళ్లు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం పట్టుకుని, తప్పుదోవ పట్టించే ప్రకటన అనో అనుచిత వ్యాపార పద్ధతి అనో ఫిర్యాదు చేసుకోవాలి.

బ్రిటన్‌లో 1973 నాటి హాల్‌మార్కింగ్ చట్టం ఉంది. అక్కడ పరీక్ష చేసి ముద్ర వేసేది లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో నగరాల్లోని నాలుగు అస్సే ఆఫీసులు. ఒక గ్రాము దాటిన వస్తువును ముద్ర లేకుండా బంగారం అని అమ్మితే నేరం. ‘పూత’ అనో ‘రోల్డ్’ అనో ముందు పెట్టి, ఆ మాట నిజమే అయితే, ముద్ర లేకుండా అమ్ముకోవచ్చు. అమెరికా దారి వేరు. అక్కడ హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. మేలిమి ఇంత అని తయారీదారు తనంతట తాను ముద్ర వేస్తే, పక్కనే తన ట్రేడ్‌మార్కూ వేసి దానికి బాధ్యత పడాలి. పూత నగల మీద ఏం రాయవచ్చో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు విడమర్చి చెప్తాయి. బంగారం బరువు మొత్తం లోహంలో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ ఉన్న రోల్డ్ గోల్డ్ మీద అది ఎన్నో వంతో, ఎన్ని క్యారెట్లో కనబడేలా రాయడం అక్కడి పద్ధతి.

ఒక దేశం ప్రభుత్వ సంస్థ నియమాలను నమ్ముకుంది. ఒక దేశం శతాబ్దాల నాటి పరీక్షా కేంద్రాలను నమ్ముకుంది. మూడోది తయారీదారు మాటను నమ్మి, మాట తప్పితే పట్టుకుంటానంటోంది. ఒకే చిక్కును వేర్వేరు సమాజాలు చట్టంతో ఎలా విప్పుకున్నాయో, ఎందుకు అలా విప్పుకున్నాయో పక్కపక్కన పెట్టి పరిశీలించడమే తులనాత్మక న్యాయశాస్త్రం. ఎల్‌ఎల్‌ఎం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. ఏడాది ఎల్‌ఎల్‌ఎం కోర్సుకు యూజీసీ పెట్టిన తప్పనిసరి పేపర్లలో తులనాత్మక ప్రజా న్యాయం ఒకటి. పరీక్ష రాశాక ఆ పుస్తకం మూసేస్తారు, అంతే. ఆ చదువును ఒక పరిశోధన పత్రంగా మలిచి నలుగురి ముందు పెట్టే చోట్లు ఉన్నాయని కృష్ణా డెల్టాలో చాలామంది పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఎల్‌ఎల్‌ఎం ముగించినవాళ్లు, పీహెచ్‌డీలో చేరినవాళ్లు, లా కాలేజీలో కొత్తగా పాఠం చెప్తున్నవాళ్లు, బందరు జిల్లా కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టినా చదువు వదలనివాళ్లు: ఈ వ్యాసం వాళ్ల కోసం.

ముందుగా, ఒక పత్రం చదవడం వల్ల ఒరిగేదేమిటి అన్న ప్రశ్నకు మన దేశ చరిత్రలోనే గట్టి జవాబు ఉంది.

1965 ఫిబ్రవరిలో డీట్రిక్ కాన్రాడ్ అనే జర్మన్ పండితుడు బనారస్ హిందూ విశ్వవిద్యాలయం న్యాయ విభాగంలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన పనిచేస్తున్న హైడల్‌బర్గ్ దక్షిణాసియా అధ్యయన సంస్థ అప్పటికి మూడేళ్ల కిందట, 1962లో, పెట్టినదే. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి లోలోపల హద్దులు ఉంటాయా అన్నది ఆయన విషయం. మూడింట రెండు వంతుల మెజారిటీ ఉంటే 21వ అధికరణాన్నే ఎత్తేయవచ్చా? రాజ్యాంగాన్ని రద్దు చేసి మొఘల్ చక్రవర్తి పాలన తెచ్చుకోవచ్చా? ఇలాంటి ప్రశ్నలు వేశాడు. అవి ఊహల్లోంచి పుట్టినవి కావు. వైమార్ రాజ్యాంగం బతికుండగానే, దాని సవరణ పద్ధతిని అడ్డం పెట్టుకునే, 1933లో హిట్లర్ సర్వాధికారాలు చేజిక్కించుకున్నాడు. ఆ దెబ్బ తిన్నాకే జర్మన్లు 1949 నాటి కొత్త రాజ్యాంగంలో కొన్ని మూల సూత్రాలను సవరణకు అందకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. తన దేశం పడ్డ బాధను మన దేశపు అధికరణాల పక్కన పెట్టి చూపించడమే కాన్రాడ్ చేసిన పని.

ఆ ఉపన్యాసం కాగితాలు న్యాయవాది ఎం.కె. నంబియార్ చేతికి అందాయి. గోలక్‌నాథ్ కేసులో ఆయన ఆ వాదాన్ని సుప్రీంకోర్టు ముందు పెట్టారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. 1967 ఫిబ్రవరి 27న 6–5 తేడాతో తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న నిర్ణయానికి సుబ్బారావు వేరే దారిలో వచ్చారు. ఈ అంతర్గత హద్దుల వాదంలో బలం ఉందని ఒప్పుకుంటూనే, దాన్ని తేల్చే పని ఆ కేసులో పెట్టుకోలేదు. ఆరేళ్లకు, 1973 ఏప్రిల్ 24న, కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7–6తో మౌలిక స్వరూప సిద్ధాంతాన్ని నిలబెట్టింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన పి. జగన్మోహన్ రెడ్డి ఆ ఏడుగురిలో ఒకరు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా తన తీర్పులో కాన్రాడ్‌ను పేరు పెట్టి ప్రస్తావించారు. అక్కడితో ఆగలేదు. 1989లో బంగ్లాదేశ్ సుప్రీంకోర్టు అదే సిద్ధాంతాన్ని తీసుకుంది. 2022లో కెన్యా సుప్రీంకోర్టు దాన్ని పరిశీలించి, మా రాజ్యాంగానికి ఇది వర్తించదని చెప్పింది. కాదనడం కూడా తులనాత్మక పనే. తేడా ఎక్కడుందో వెతికితేనే కాదనగలం.

ప్రతి పత్రమూ ఇంత దూరం పోదు. కాన్రాడ్ పెద్ద కోర్టులో కాదు, ఒక విశ్వవిద్యాలయ విభాగంలో మాట్లాడాడన్నది మాత్రం చిన్న సంగతి కాదు. అలాంటి విభాగాలు మనకు నాగార్జున విశ్వవిద్యాలయంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. విశాఖలో 2008 నుంచి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లో 1998 నుంచి నల్సార్ ఉంది. మొదటి పత్రం చదవడానికి ఇవి చాలు. చదివేటప్పుడు ఎదురుగా కూర్చుని అడ్డు ప్రశ్నలు వేసేవాళ్లు ఉండాలి. అది ఉంటే చిన్న సదస్సు కూడా పెద్దదే.

ఇక బయటి వేదికలు. తులనాత్మక న్యాయశాస్త్రం ఒక విద్యగా స్థిరపడింది 1900లో, పారిస్ ప్రపంచ ప్రదర్శన సందర్భంగా జరిగిన అంతర్జాతీయ సదస్సుతో అంటారు. 1924లో హేగ్‌లో అంతర్జాతీయ తులనాత్మక న్యాయ అకాడమీ పుట్టింది. అది నాలుగేళ్లకోసారి పెట్టే మహాసభ 2018లో జపాన్‌లోని ఫుకువోకాలో, 2022లో పరాగ్వేలోని అసున్సియోన్‌లో జరిగింది. అయితే ఆ సభ నడక కొత్తవాళ్లకు అంత అనువైనది కాదు. దేశానికొకరు చొప్పున నివేదికలు రాయించుకుని చర్చించడం అక్కడి పద్ధతి కాబట్టి పెద్దలకే ఎక్కువ చోటు.

కొత్తవాళ్లను దృష్టిలో పెట్టుకుని నడిచేది అమెరికన్ తులనాత్మక న్యాయ సమాజం వారి యువ తులనాత్మకవేత్తల కమిటీ. బోధనలోనో పరిశోధనలోనో అడుగుపెట్టి పదేళ్లు దాటనివాళ్ల కోసం పెట్టింది. పరిశోధక విద్యార్థులకూ చోటిస్తారు. ఏ దేశంవాళ్లయినా పంపుకోవచ్చు. మనకు దగ్గరగా, సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం కేంద్రంగా 2003లో మొదలైన ఆసియా లా ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏటా ఒక సభ్య విశ్వవిద్యాలయంలో సదస్సు పెడుతుంది. మీ దేశంలో ఈ చట్టం ఎలా పనిచేస్తోంది అని పక్క దేశంవాళ్లు ఆసక్తిగా అడిగే చోటు అది. కృష్ణా జిల్లా నుంచి వెళ్లేవాళ్లకు ముందుగా తట్టవలసిన తలుపు ఇదేనని నా అభిప్రాయం. ఇండోనేషియా, వియత్నాం, ఫిలిప్పీన్స్ పరిశోధకులకు చేతివృత్తులు, రొయ్యల చెరువులు, కౌలు సాగు అంటే మొదటి నుంచి వివరించనక్కర్లేదు. రాజ్యాంగం, పరిపాలన చట్టాల మీద పనిచేసేవాళ్లకు 2014లో ఫ్లోరెన్స్‌లో తొలి సదస్సు జరుపుకున్న అంతర్జాతీయ ప్రజా న్యాయ సమాజం ఉంది. దాన్ని ఐకాన్-ఎస్ అంటారు. అక్కడ నలుగురు కొత్తవాళ్లు కలిసి ఒక ప్యానెల్‌గా కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నల్సార్‌లో ఒకరు, కొలంబోలో ఒకరు, మనీలాలో ఒకరు ఒకే ప్రశ్న మీద పనిచేస్తుంటే, విడివిడిగా పంపడం కన్నా అలా కలిసి వెళ్లడం మేలు.

వేదిక పేరు తెలిస్తే పని సగం కూడా కాదు. లోపలికి తీసుకెళ్లేది అబ్‌స్ట్రాక్ట్, అంటే రెండొందల యాభై నుంచి ఐదొందల మాటల సారాంశం. సదస్సుకు కొన్ని నెలల ముందే పత్రాలకు ఆహ్వానం వస్తుంది. ఎంపిక చేసేవాళ్లు ఒక్కో సారాంశం మీద పెట్టగలిగే సమయం కొద్ది నిమిషాలే. మన పిల్లలు తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిలిచి చూద్దాం.

‘భారత్, బ్రిటన్, అమెరికాల్లో ఆభరణాల చట్టాలు: ఒక తులనాత్మక అధ్యయనం’ అని ఒక శీర్షిక అనుకోండి. సారాంశంలో మొదటి పేరా భారత చట్టం, రెండోది బ్రిటన్ చట్టం, మూడోది అమెరికా చట్టం, చివర మన దేశం మెరుగైన చట్టం తేవాలన్న ఒక వాక్యం. ఇది వెనక్కి వస్తుంది. మూడు చట్టాలను వరసగా అప్పగించడమే తప్ప పోలిక జరగలేదు. ప్రశ్న లేదు.

అదే పరిశోధకురాలు ఇలా రాసిందనుకోండి: ‘బంగారు పూత ఎంతో చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? ఇంటింటా పని పంచుకునే చిలకలపూడి నగల పరిశ్రమను బట్టి మూడు నియంత్రణ పద్ధతుల పరిశీలన.’ మొదటి వాక్యంలోనే చిక్కు చెప్తుంది: చిలకలపూడి నగ ఒక్క చేతిలో తయారు కాదు. అచ్చు తీసేవాళ్లు ఒకరు, ముక్కలు అతికేవాళ్లు ఇంకొకరు, మెరుగు పెట్టేవాళ్లు వేరొకరు, పూత వేసేవాళ్లు మరొకరు. చాలా పని ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీద నడుస్తుంది. ఆ తర్వాత ప్రశ్న: తయారీదారు తన ట్రేడ్‌మార్క్‌తో బాధ్యత తీసుకోవాలన్న అమెరికా పద్ధతి, తయారీదారు ఎవరో ఒక్క పేరు చెప్పలేని చోట నిలుస్తుందా? తర్వాత ఏం చేశానన్నది: మూడు దేశాల నిబంధనల పాఠం, వినియోగదారుల కమిషన్ల తీర్పులు, పోతేపల్లి జ్యూయలరీ పార్కులో పూత పనివాళ్లతో సంభాషణలు. చివరగా తేలిందేమిటో, లేదా ఏం తేలవచ్చని అనుకుంటోందో ఒకే వాక్యంలో. ఇలాంటి సారాంశం మీద హాంబర్గ్‌లో కూర్చున్న ఎంపిక సభ్యుడి కన్ను ఆగుతుంది. చట్టాలు ఆయనకు తెలుసు. చిలకలపూడి తెలియదు.

ఒట్టో కాన్-ఫ్రాయిండ్ అనే న్యాయవేత్త 1974లో గట్టిగా చెప్పిన హెచ్చరిక కూడా ఇదే. ఒక దేశపు చట్టం అక్కడి సమాజంలో, అధికార సంబంధాల్లో వేళ్లూనుకుని ఉంటుంది, దాన్ని తెచ్చి ఇంకోచోట పెడితే బతకకపోవచ్చు అని ఆయన వాదన. అదే సంవత్సరం అలన్ వాట్సన్ దాదాపు ఎదురు వాదన చేశాడు: చరిత్ర పొడుగునా చట్టాలు ఒకచోటి నుంచి ఒకచోటికి ప్రయాణిస్తూనే ఉన్నాయని. ఈ ఇద్దరినీ చదవకుండా పోలిక పత్రం రాయడం మొదలుపెట్టవద్దు.

డెల్టాలో విషయాలకు కొదవ లేదు. బందరు నుంచి ఓడలెక్కిన రంగుల అద్దకం బట్టలకు భయపడి ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా అలాంటి వస్త్రాలను నిషేధించింది. ఇంగ్లండ్ 1701లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా నిషేధం అమలు చేసి 1774లో ఎత్తేసింది. అదే బట్టకు ఇప్పుడు మచిలీపట్నం కలంకారీ పేరుతో భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. మన 1999 నాటి చట్టం మొదటి నుంచీ చేతివృత్తులను కలుపుకుంది. యూరోపియన్ యూనియన్ తన దేశాలన్నిటికీ వర్తించేలా చేతివృత్తుల వస్తువులకు ఇలాంటి రక్షణను 2023లో చట్టం చేసి, 2025 డిసెంబర్ 1 నుంచి అమలులో పెట్టింది. ఈ ఒక్క విషయంలో మనకు రెండు దశాబ్దాల అనుభవం ముందుంది. గుర్తింపు వచ్చాక పెడనలో కలంకారీ అచ్చు వేసే కార్మికుడి కూలి పెరిగిందా, మిల్లు ముద్రణ బట్టల పోటీ తగ్గిందా అన్నది పెడన వీధుల్లో తిరిగి తెలుసుకుని చెప్పగలిగినవాళ్ల కోసం యూరప్ పరిశోధకులు ఎదురుచూస్తారు. రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబర్ 11 నాటి ఎస్. జగన్నాథ్ కేసు తీర్పు, దాని తర్వాత వచ్చిన 2005 తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, మంచినీటి పొలాల్లో రొయ్యల సాగును 1998లో థాయ్‌లాండ్ నిషేధించిన తీరు, ఇవి మూడూ పక్కపక్కన పెట్టవలసినవే.

పరాయి చట్టాల పాఠం ఎక్కడ దొరుకుతుందన్న బెంగ అక్కర్లేదు. పేటెంట్లు, భౌగోళిక గుర్తింపుల చట్టాలు విపో లెక్స్ భాండాగారంలో, వ్యవసాయం, చేపల పెంపకం చట్టాలు ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ నడిపే ఫావోలెక్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. జర్మనీ తన రాజ్యాంగానికి ఇంగ్లిష్ అనువాదం తానే అందిస్తోంది. అనువాదం మీద ఆధారపడినప్పుడు ఆ మాట పత్రంలో చెప్పాలి. వీలైతే ఆ దేశపు పరిశోధకుడొకరికి చూపించుకోవాలి.

డబ్బు సంగతి దాచేది కాదు. న్యాయశాస్త్రంలో యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాతి దశలో 42,000 వస్తున్నాయి. అందులోంచి విదేశీ విమానం టికెట్ కొనడం కష్టం. భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీఎస్ఎస్ఆర్, సామాజిక శాస్త్రాల పరిశోధకులకు సహాయం ఇచ్చే పథకాలు నడుపుతుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. కొన్ని నెలలు కూర్చుని చదువుకోవడానికి హాంబర్గ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ, లోజాన్‌లోని స్విస్ తులనాత్మక న్యాయ సంస్థ విదేశీ పరిశోధకులకు ఉపకార వేతనాలిస్తాయి. పీహెచ్‌డీ మధ్యలో ఉన్నవాళ్లకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ కింద ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో గడిపే వీలుంది. సదస్సు నిర్వాహకులను రుసుము మాఫీ అడగడానికి మొహమాటపడవద్దు. ఇవ్వగలిగితే ఇస్తారు. పాస్‌పోర్టు మాత్రం ముందే తీసి పెట్టుకోవాలి. అంగీకార పత్రం వచ్చాక మొదలుపెడితే వీసాకు సమయం చాలదు.

డబ్బు ఇవ్వవలసిన చోట జాగ్రత్త కూడా అంతే అవసరం. 2016 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీ సమర్పించే ముందు ఒక పత్రం అచ్చు కావాలి, రెండు సదస్సుల్లో చదవాలి అన్న షరతు ఉండేది. 2022 నిబంధనల్లో అది తీసేశారు. అయినా సర్టిఫికెట్ల కోసం నడిచే ‘అంతర్జాతీయ’ సదస్సుల జోరు తగ్గలేదు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, న్యాయం అన్నీ ఒకే సభలో ఉన్నాయంటే, సారాంశం పంపిన మర్నాడే ఎంపికయ్యారన్న కబురు వచ్చిందంటే, చదవకపోయినా పర్వాలేదు రుసుము కడితే సర్టిఫికెట్ పంపుతామన్నారంటే, అక్కడికి పైసా పంపవద్దు. ఊళ్లో పొలం పని చేసుకునే తల్లిదండ్రులు పంపిన డబ్బు ఇలాంటివాళ్ల పాలు కావడం చూస్తే కడుపు మండుతుంది. ఎంపిక సంఘంలో ఎవరున్నారు, వాళ్లు ఏం రాశారు, కిందటేడు అక్కడ ఎవరెవరు మాట్లాడారు అని ఒక పూట కూర్చుని చూస్తే అసలు రంగు తెలిసిపోతుంది.

ఎంపికయ్యాక సాధారణంగా పదిహేను, ఇరవై నిమిషాలు దొరుకుతాయి. పత్రం మొత్తం చదివితే సమయం చాలదు, వినేవాళ్లకూ అందదు. ప్రశ్న, ఒక గట్టి ఉదాహరణ, తేలిన విషయం, ఈ మూడూ చెప్పి మిగతాది చర్చకు వదలాలి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లిష్ ఉచ్చారణ మీద భయం ఉంటుంది. ఆ గదుల్లో కొరియావాళ్లు, బ్రెజిల్‌వాళ్లు, పోలండ్‌వాళ్లు వాళ్ల యాసలోనే మాట్లాడతారు. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో మాట్లాడితే చాలు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం తప్పు కాదు.

పాస్‌పోర్టు అక్కర్లేని పోలికలు కూడా ఉన్నాయి. మన దగ్గర వాటి విలువను తక్కువ చేసి చూస్తారు. 2014 జూన్ 2న రెండు తెలుగు రాష్ట్రాలు విడిపోయినప్పుడు చట్టాలు రెండింటికీ ఉమ్మడిగా దక్కాయి. 2011 నాటి కౌలు సాగుదారుల చట్టం వాటిలో ఒకటి. కౌలురైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి ఆ చట్టం పొలం యజమాని సంతకం మీద ఆధారపడలేదు. ఆంధ్రప్రదేశ్ 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. ఇక్కడ పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చెయ్యాలి, అప్పుడే కౌలురైతుకు పంట సాగుదారు హక్కుల కార్డు (సీసీఆర్‌సీ). యజమాని ఎందుకు భయపడతాడో, కౌలురైతు ఎందుకు అడగలేకపోతాడో దివిసీమలో ఏ రచ్చబండ దగ్గర కూర్చున్నా చెప్తారు. ఒకే చట్టంతో బయల్దేరిన రెండు రాష్ట్రాల్లో, ఒకచోట సంతకం షరతు వచ్చింది, ఒకచోట పాత చట్టం కాగితం మీద మిగిలింది. తిరువూరు దాటితే తెలంగాణలోని ఖమ్మం జిల్లా. అవనిగడ్డ మండలంలో ఒక ఊరు, ఖమ్మం జిల్లాలో ఒక ఊరు ఎంచుకుని, కిందటి సీజనులో కౌలుకు చేసినవాళ్లలో బ్యాంకు అప్పు ఎవరికి వచ్చింది, పంట పోయినప్పుడు పరిహారం ఎవరి ఖాతాలో పడింది, కార్డు అడిగినందుకు మరుసటి ఏడు పొలం ఎవరికి పోయింది అని అడిగి రాసుకుంటే, ఆసియా లా ఇన్‌స్టిట్యూట్ సదస్సుకు పంపదగ్గ పత్రానికి కావలసిన ముడిసరుకు చేతికొచ్చినట్టే. ఎల్‌ఎల్‌ఎం డిసర్టేషన్‌కు ఇచ్చే కొద్ది నెలల్లో అది చెయ్యవచ్చు.